ఉసిగొల్పిన క్షణమే నేరం: కుక్కలతో నక్కల వేట, చట్టం, న్యాయం

(పాత వాషర్‌మెన్‌పేట్‌లో వకీలుగారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి పేరున ఉపన్యాసం జరుగుతుందో వారికి ఇష్టమైన విషయం మీద మాట్లాడడం మర్యాద. మన వకీలుగారికి ఇష్టమైనవి రెండు. ఒకటి, చట్టాన్ని నిర్వచనాల దగ్గర్నుంచి చదవడం. రెండోది, కోర్టు గుమ్మం ఎక్కాలంటే కాళ్ళు వణికేవాళ్ళ పక్కన నిలబడడం. ఎం.సి. రోడ్డు దుకాణాల అద్దె తగాదాలు ఆయనకు అన్నం పెట్టాయి. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళ కేసులు ఆయనకు పేరు తెచ్చాయి. వాటిలో అటవీ శాఖ పెట్టిన వేట కేసులు కొన్ని. పూసల మూటలతో, చంటిపిల్లలతో, తరతరాలుగా వేట మీద బతికిన నక్కలవాళ్ళు ఆయన వరండాలో కూర్చుని ఉండడం ఈ వీధి పెద్దలు చూసే ఉంటారు. ఆయన దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఆ కేసు కట్టలు విప్పి చదివే పని నాది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను: కుక్కల్ని ఉసిగొల్పి నక్కను వేటాడడం గురించి మన చట్టం ఏమంటుంది, దాని వెనక ఉన్న న్యాయం ఏమిటి, ఆ న్యాయం ఎక్కడ కుంటుపడుతోంది.

అమెరికాలో ఇదే ప్రశ్న కొయోటీ అనే జంతువు మీద ఏళ్ళ తరబడి నడుస్తోంది. కుక్కలతో కొయోటీని తరమవచ్చా, ఎన్ని కుక్కలతో, ఎవరి పొలంలో, ఏ నెలలో అని రాష్ట్రానికో రకంగా వాదించుకుంటున్నారు. మన దేశంలో జవాబు సూటిగా ఉంది. కుక్కలతో నక్కను వేటాడడం నేరం. చంపకపోయినా నేరమే. తరిమితే చాలు. ఆ నియమం గట్టిగా నిలవాలన్నదీ, దాని బరువు ఎప్పుడూ ఒకే భుజం మీద పడకూడదన్నదీ ఈ సాయంత్రం నేను మీ ముందు పెట్టదలచిన మాట.

1. ఏ జంతువు గురించి మాట్లాడుతున్నాం

మన పల్లెల్లో నక్కలు రెండు రకాలు. ఊళవేసే పెద్దది నక్క. శాస్త్రజ్ఞులు కేనిస్ ఆరియస్ అంటారు. తోక చివర నల్లగా, ఒళ్ళు సన్నగా, బొరియల్లో కాపురముండే చిన్నది గుంటనక్క. దాని శాస్త్రీయ నామం వల్పిస్ బెంగాలెన్సిస్. అమెరికా కొయోటీ మన పెద్ద నక్కకు దగ్గరి చుట్టం. రెండిటిదీ ఒకే కుటుంబం, ఒకే బతుకు తీరు: మనిషి ఊరి అంచున ఉండడం, దొరికింది తినడం, రాత్రిపూట తిరగడం.

నక్క ఏం తింటుందో రైతుకు తెలుసు. ఎలుకలు, పీతలు, చచ్చిన గొడ్డు, రేగుపళ్ళు, చెరుకు, పుచ్చకాయ. కోళ్ళనూ, ఒక్కోసారి గొర్రెపిల్లనూ ఎత్తుకుపోతుంది. నష్టం ఉంది, కాదనను. అయితే పొలంలో ఎలుకల్ని తినేదీ అదే, కళేబరాలను శుభ్రం చేసేదీ అదే. రాబందులు కనుమరుగైన ఈ కాలంలో ఆ రెండో పని విలువ పెరిగింది.

నక్క మనకు దూరపు జంతువేమీ కాదు. ఈ చెన్నపట్నం నడిబొడ్డునే ఉంది. గిండీ జాతీయ పార్కు మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అందులో కృష్ణజింకల మధ్య నక్కలు ఇప్పటికీ బతుకుతున్నాయి. గవర్నరు నివాసం గోడ పక్కన, లక్షల వాహనాల హోరులో అవి మిగిలాయంటే కారణం అక్కడ వాటి వెంట ఎవరూ పడకపోవడమే.

2. దొరల వేట, దొరల చట్టం

కుక్కలతో వేట మనకు కొత్త కాదు. కాళహస్తి తిన్నడు కుక్కల్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళిన ఘట్టాన్ని ధూర్జటి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఎంతో మక్కువతో రాశాడు. కర్ణాటకలోని ఆతకూరులో పదో శతాబ్దపు రాతి శాసనం ఒకటుంది. అడవి పందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయిన కాళి అనే కుక్కకు నిలిపిన వీరగల్లు అది. వేటకుక్క మీద మన పూర్వులకు ఎంత గౌరవమో ఆ రాయి చెబుతుంది.

ఆ వేటకు ఆకలి, పంట కాపలా, రాచరికపు విలాసం మూడూ కారణాలు. తెల్లదొరలతో నాలుగోది వచ్చింది. ఇంగ్లండులో నక్కను, అంటే అక్కడి ఎర్ర నక్కను, హౌండ్ కుక్కల గుంపుతో, గుర్రాల మీద తరమడం పెద్దింటి క్రీడ. మన దేశంలో చాలా చోట్ల ఆ నక్క దొరకదు గనక మన నక్కను పెట్టుకున్నారు. మద్రాసు, బొంబాయి, పెషావరు, ఉదకమండలం, ఎక్కడ దండు దిగితే అక్కడ హంట్ క్లబ్బు వెలిసింది. ఓడల్లో తెప్పించిన ఫాక్స్‌హౌండ్లు మన ఎండకు తట్టుకోలేక చస్తే మళ్ళీ తెప్పించారు. నీలగిరి మీద వెన్‌లాక్ డౌన్స్ గడ్డి మైదానాలలో ఎర్రకోట్లు తొడుక్కుని, కొమ్ము బూర ఊదుకుంటూ నక్కల వెంట స్వారీ చేశారు. ఆ మైదానాలకు మద్రాసు గవర్నరు లార్డ్ వెన్‌లాక్ పేరు పెట్టుకున్నారు.

అప్పట్లో చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వం 1873లో అడవి ఏనుగుల రక్షణకు చట్టం చేసింది. 1879లో నీలగిరి వేటజంతువుల, చేపల పరిరక్షణ చట్టం వచ్చింది. ఈ రెండోది వేటను ఆపడానికి పుట్టలేదు. వేటాడేవాళ్ళకు రేపటికి కూడా జంతువులు మిగలాలని పుట్టింది. 1912లో దేశం మొత్తానికి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం చేశారు. అందులో జింకలున్నాయి, అడవి దున్నలున్నాయి, కుందేళ్ళున్నాయి, ఖడ్గమృగాలున్నాయి. నక్క లేదు. వేటాడేవాడి గోడకు అలంకారమయ్యే జంతువుకో, పళ్ళెంలోకి వచ్చే జంతువుకో మాత్రమే ఆ చట్టం విలువ కట్టింది. నక్క ఆ రెంటికీ పనికిరాలేదు. కాబట్టి ఎవరైనా, ఎప్పుడైనా, ఎన్ని కుక్కలతోనైనా తరమవచ్చు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, చట్టం ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరిందో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

3. నేటి చట్టం ఏమంటుంది

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1972లో వెలువడినప్పుడు ఉన్న పీఠిక తెరిచి చూడండి. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల పరిధిలోని అంశం. అందువల్ల కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి, మా తరఫున మీరే చట్టం చేయండని పార్లమెంటును కోరాయి. అలా కోరిన 11 రాష్ట్రాల జాబితాలో మొదట కనిపించే పేరు ఆంధ్రప్రదేశ్. తమిళనాడు తర్వాత చేరింది. 1976 రాజ్యాంగ సవరణతో ఈ అంశం ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. ఆ సవరణే అడవులను, వన్యప్రాణులను కాపాడడం, జీవుల మీద దయ చూపడం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని 51-ఎ అధికరణంలో రాసింది.

మొదట్లో ఈ చట్టం కింద లైసెన్సు తీసుకుని కొన్ని జంతువుల్ని వేటాడే వీలుండేది. 1991 సవరణ ఆ తలుపు మూసేసింది. ఇప్పుడు 9వ సెక్షను ప్రకారం షెడ్యూళ్ళలోని అడవి జంతువును ఎవరూ వేటాడకూడదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో షెడ్యూళ్ళు తగ్గి, సర్దుబాటు జరిగి, నక్క మొదటి షెడ్యూలులోకి ఎక్కింది. అంటే పులి, ఏనుగు ఉన్న వరసలోకి. 1912లో పేరే లేని జంతువు నూట పదేళ్ళలో ఆ మెట్టు ఎక్కింది.

ఇక వకీలుగారు పదేపదే చదివించిన చోటుకి వద్దాం. 2వ సెక్షను, 16వ క్లాజు. వేట అంటే ఏమిటి? చంపడం, విషం పెట్టడం మాత్రమే అనుకుంటాం. నిర్వచనం అంతటితో ఆగదు. పట్టుకోవడం, కుక్కలతో వెంటాడించడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, అదిలించి ఒక దిక్కుకు తోలడం, ఎర చూపడం, ఇవన్నీ వేటే. వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. కుక్కల పరుగు వేటను చట్టం విడిగా పేరు పెట్టి చెప్పింది.

దీని ఫలితం చాలా పెద్దది. నక్క చావక్కర్లేదు, గాయపడక్కర్లేదు, దొరకక్కర్లేదు. గట్టు మీద నిలబడి, నక్కను చూసి, గొలుసు విప్పి కుక్కను ఉసిగొల్పిన క్షణంలో నేరం పూర్తయింది. కుక్క వట్టి నోటితో తిరిగొచ్చినా సరే. పొలం నాది, కుక్క నాది అన్న వాదన నిలవదు. పొలం సొంతదైనా అందులో తిరిగే నక్క సొంతం కాదు. 39వ సెక్షను ప్రకారం వేటాడబడిన జంతువు ప్రభుత్వ ఆస్తి.

మినహాయింపులు లేవా? ఉన్నాయి. 11వ సెక్షను కింద మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారినా, కోలుకోలేని జబ్బులోనో గాయంలోనో ఉన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాతలో పెట్టి అనుమతి ఇవ్వవచ్చు. ఆత్మరక్షణలో సదుద్దేశంతో కొట్టిన దెబ్బ నేరం కాదు. పంట పాడుచేసిందన్న కారణం మొదటి షెడ్యూలుకు చెల్లదు. అది రెండో షెడ్యూలులోని జంతువులకు, ఉదాహరణకు అడవి పందికి, వర్తిస్తుంది. కాబట్టి పుచ్చతోట పాడైందని నక్క మీదికి కుక్కల్ని వదలడానికి ఏ అధికారీ అనుమతి ఇవ్వలేడు.

శిక్ష? మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే కనీసం మూడేళ్ళ జైలు, గరిష్ఠం ఏడేళ్ళు. జరిమానా కనీసం 25,000 రూపాయలు.

దీని పక్కన 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టాన్ని పెట్టి చూడండి. ఆ చట్టానికి మూలం మన ఊరే. రుక్మిణీదేవి అరుండేల్ 1953లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు దానికి నాంది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. దశాబ్దాల పాటు ఆ బోర్డు చెన్నపట్నం నుంచే పనిచేసింది. వినోదం కోసం ఒక జంతువును మరో జంతువుకు ఎరగా కట్టేయడాన్ని, ఒకదాని మీదికి మరొకదాన్ని ఉసిగొల్పడాన్ని 11వ సెక్షను నేరమంది. మొదటిసారి చేస్తే జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయలు. చట్టం వచ్చి అరవై ఏళ్ళు దాటాక కూడా జరిమానా ఇంతే. ఒకే పనికి ఒక చట్టంలో మూడేళ్ళ జైలు, మరో చట్టంలో యాభై రూపాయలు. గుంపుగా కుక్కల్ని వదిలి కోడినో, ఊరపందినో చీల్చించి వేడుక చూసేవాడికి ఆ యాభై రూపాయలే. రుక్మిణీదేవి చేసిన పనికి గౌరవం చూపాలంటే ఆ అంకెలు మార్చాలి.

4. కుక్క తుపాకీలాంటిది కాదు

కొందరు మిత్రులు అడుగుతారు: తుపాకీతో వేట, వలతో వేట, కుక్కతో వేట, అన్నీ వేటే కదా, కుక్కనే పట్టుకుని ఇంత మాట్లాడాలా?

నేను చదివిన కేసు కట్టల్లో తీరు ఇంచుమించు ఒకటే. చెరుకు కోత అయ్యాక, వెన్నెల లేని రాత్రి, నలుగురైదుగురు మనుషులు. నుదుటికి కట్టుకున్న లైట్లు. రెండు రకాల కుక్కలు. వాసన పట్టే నాటు కుక్క ముందు పోతుంది. అది పొద దగ్గర ఆగి మొరిగితే, సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు ఉన్న పరుగు కుక్కను వదులుతారు. లైటు పడితే నక్క కళ్ళు మెరుస్తాయి, ఒక క్షణం అది కదలదు. ఆ క్షణం చాలు. తర్వాత జరిగేది మనుషులకు కనబడదు. గట్ల మీదుగా, కంచెల కింద నుంచి, పక్క ఊరి పొలిమేరలోకి పరుగు. మనుషులు అరుపుల్ని బట్టి వెనక పోతారు. వాళ్ళు చేరేసరికి ఒకటి వెనక కాలు, ఇంకోటి గొంతు పట్టుకుని లాగుతుంటాయి. దాన్ని చావు అనడానికి కొంత సమయం పడుతుంది.

ఇందులోంచి మూడు సంగతులు తేలుతాయి. ఒకటి, కుక్క హద్దు చదవదు. ఎవరి పొలం, ఏది అభయారణ్యం, ఏ నెల, ఏ జంతువు అన్నది దానికి లేదు. అడవి పందిని కాల్చడానికి అనుమతి ఉన్నవాడి కుక్క కూడా దారిలో కుందేలు లేస్తే కుందేలు వెంట, నక్క లేస్తే నక్క వెంట పోతుంది. రెండు, చావు మనిషి చేతిలో లేదు. తుపాకీ పట్టినవాడు గురి తప్పితే ఆగిపోవచ్చు. వదిలిన కుక్కను ఆ చీకట్లో ఆపడం యజమాని వల్ల కాదు. మూడు, జబ్బు. కుక్కలకు రేబిస్, డిస్టెంపర్ వస్తాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు కొద్ది వారాల్లో చనిపోయాయి. కెనైన్ డిస్టెంపర్ వైరస్ అందుకు ఒక ముఖ్య కారణమని తేలింది. సింహాన్నే పడగొట్టిన జబ్బు నక్కను వదులుతుందా? కరిచిన కుక్క, కరిపించుకున్న నక్క, రెండూ జబ్బును ఇటూ అటూ మోస్తాయి. ఆ కుక్క తెల్లారి ఇంటికొచ్చి పిల్లల పక్కన పడుకుంటుంది.

ఈ మూడింటికీ మూలం ఒకటే. వదలడం మాత్రమే మనిషి చేతిలో ఉంది. కాబట్టి చట్టం నిలదీయవలసింది వదిలిన క్షణాన్నే. మన చట్టం సరిగ్గా అక్కడే నిలబడింది.

5. పడమటి దేశాలు ఎక్కడ తడబడ్డాయి

ఇంగ్లండు 2004లో వేట చట్టం చేసి, 2005 ఫిబ్రవరి 18 నుంచి కుక్కలతో అడవి క్షీరదాలను వేటాడడాన్ని నేరం చేసింది. కానీ మినహాయింపులు పెట్టింది. రెండు కుక్కల దాకా వాడి జంతువును పొదలోంచి బయటికి రప్పించి కాల్చవచ్చు. ఆ తర్వాత ముందుగా పరిచిన వాసన వెంట కుక్కల్ని పరుగెత్తిస్తున్నామని చెప్పి గుంపులు మళ్ళీ బయలుదేరాయి. మధ్యలో నిజమైన నక్క లేస్తే, మా తప్పు లేదు, కుక్కలదే అన్నారు. వేటగాడి మనసులో ఏముందో రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూషన్ మీద పడింది. అనుభవంతో నేర్చుకున్న స్కాట్లండు 2002 చట్టాన్ని పక్కన పెట్టి, 2023లో మరింత గట్టి చట్టం తెచ్చి, వాసన పరిచే వేటకూ అడ్డుకట్ట వేసింది.

అమెరికాలో కొయోటీకి చాలా రాష్ట్రాల్లో ఏడాది పొడవునా రక్షణ లేదు. కుక్కలతో తరిమే పద్ధతి అనేక చోట్ల చెల్లుతుంది. వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం 2022లో చట్టం చేసి, అనుమతి లేనిదే కుక్కలతో కొయోటీని వేటాడకూడదంది. ఏడాదికి 100 అనుమతులకు మించి ఇవ్వరాదని పరిమితి పెట్టింది. అక్కడ ఈ చట్టాన్ని గట్టిగా అడిగినవాళ్ళలో భూయజమానులున్నారు. తమ పొలంలోకి చొరబడ్డ కుక్కల గుంపును తామే ఎదుర్కోవలసి వస్తోందన్నది వాళ్ళ ఫిర్యాదు. కుక్క హద్దు చదవదని చెప్పాను కదా, అదే ఇది.

విస్కాన్సిన్ సంగతి ఇంకా గట్టి పాఠం. 2021 ఫిబ్రవరిలో తోడేళ్ళ వేటకు గేట్లు తీశారు. లైసెన్సు వేటగాళ్ళకు కేటాయించింది 119. మూడు రోజులు నిండకముందే చచ్చినవి 218. వేటగాళ్ళలో అత్యధికులు కుక్కల్ని వాడారు. లెక్క పెట్టి వేటాడిస్తామన్న ప్రభుత్వం లెక్క పూర్తయ్యేలోపు వేటను ఆపలేకపోయింది.

ఇంకొక మాట. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్న మన పిల్లలు, పెరట్లోకి కొయోటీ వచ్చిందని వీడియో పంపుతుంటారు. భయం సహజం. చంపితే తగ్గుతాయి కదా అనిపిస్తుంది. అక్కడి జీవశాస్త్రజ్ఞులు చాలా కాలంగా చెబుతున్నది వేరు. గుంపులోని పెద్ద జంటను చంపితే గుంపు చెదిరి, మిగిలిన ఆడవి ఎక్కువ సంఖ్యలో ఈనుతాయి. చెత్తడబ్బా మూత పెట్టడం, పెంపుడు జంతువుల తిండి రాత్రి బయట వదలకపోవడం, ఎదురైతే గట్టిగా అదిలించడం, ఇవే పనిచేస్తాయని అక్కడి నగరపాలక సంస్థలు చెబుతాయి.

6. బరువు ఎవరి భుజం మీద

ఇప్పటిదాకా చట్టాన్ని మెచ్చుకున్నాను. ఇక దాని అమలు గురించి.

ఆంధ్రలో నక్కలవాళ్ళని, తమిళనాట నరికురవరులని పిలిచే ప్రజలు తమ ఇళ్ళలో వాగ్రి బోలి మాట్లాడుతారు. తరతరాలుగా వాళ్ళ బతుకు వేట. నక్క, పిల్లి, కముజు పిట్ట. వాళ్ళకు కుక్క కుటుంబంలో మనిషి. 1972 చట్టం, దాని తర్వాతి సవరణలు గీత గీసి ఆ బతుకును నేరం చేశాయి. చేయవలసిందే. కానీ ఆ గీత గీసిన రోజున, రేపటి నుంచి మీరు ఏం తినాలి అన్న ప్రశ్నకు జవాబు రాయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళకు షెడ్యూల్డు తెగల హోదా 2003లో వచ్చింది. తమిళనాడులో అదే హోదా కోసం 2022 డిసెంబరులో పార్లమెంటు బిల్లు ఆమోదించేదాకా ఆగవలసి వచ్చింది. 1972 చట్టం వచ్చిన యాభై ఏళ్ళకు.

నల్లమల చెంచులదీ ఇలాంటి కథే. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు ఎన్నో సంప్రదాయ హక్కుల్ని గుర్తించింది. వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. దాన్ని నేను తప్పు పట్టను. పులుల అభయారణ్యం నడుమ వేట హక్కు ఇవ్వడం కుదరదు. అయితే ఒక హక్కును తీసేసినప్పుడు దాని బదులు ఇచ్చింది ఎంత, అది చేరిందా అని అడిగే హక్కు మనకుంది.

కేసుల్లో దొరికేది ఎవరు? కాలినడకన పోయేవాడు, కుక్కను తాడుతో కట్టుకుని రోడ్డు దాటేవాడు. జీపులో, ఖరీదైన లైట్లతో, పెంపకందారు దగ్గర కొన్న పరుగు కుక్కలతో పోయేవాడు తెల్లారేసరికి జిల్లా దాటిపోతాడు. ఇద్దరికీ కనీస శిక్ష మూడేళ్ళే. ఆ కనీసం కంటే తగ్గించే అధికారం జడ్జికి లేదు. ఆకలికి కుందేలు కోసం బయలుదేరినవాడి కుక్క నక్క వెంట పడితే, సరదాకి వారం వారం నక్కల్ని చీల్చించేవాడితో సమానంగా నిలబెట్టడం సమానత్వం అనిపించుకోదు.

ఈ వేట వెనక ఉన్న బేరాన్ని కూడా చూడాలి. నక్కకొమ్ము అని అమ్ముతారు. వకీలుగారి కేసులో సాక్ష్యంగా వచ్చినదాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. చిన్న కుంకుమ భరిణె. అందులో ఎర్రటి పత్తి. పత్తి మీద బొటనవేలి గోరంత గట్టి ముక్క, దాని చుట్టూ గోధుమరంగు వెంట్రుకల కుచ్చు. జేబులో పెట్టుకుంటే వ్యాపారం పెరుగుతుంది, కోర్టు కేసు గెలుస్తుంది అని నమ్మకం. నక్కకు కొమ్ము మొలవదు. ఏ నక్క పుర్రె మీదా మొలవలేదు. అది చర్మం ముక్కను ఎముక చుట్టూ తిప్పి కట్టినది. దాని కోసం ఒక నక్క చస్తుంది. అమ్మినవాడు పేదవాడు. కొన్నవాడు దుకాణం గల్లాపెట్టెలో పెట్టుకునే మనలాంటివాడు. 57వ సెక్షను ప్రకారం అలాంటి వస్తువు ఎవరి దగ్గర దొరికితే వాళ్ళే అది చట్టబద్ధమైనదని నిరూపించుకోవాలి. జైలుకు పోయేది మాత్రం ఎక్కువగా అమ్మినవాడే. నక్క తోక తొక్కితే అదృష్టమని నవ్వుకోవడం వేరు, నక్క చావును డబ్బిచ్చి కొనడం వేరు.

తమిళనాట సేలం జిల్లా వాళప్పాడి ప్రాంతంలో సంక్రాంతికి గుంటనక్కను వలవేసి పట్టుకుని, దాని ముఖం చూస్తే మంచిదని ఊరేగించే ఆచారం ఉంది. అటవీ శాఖ అక్కడ జరిమానాలు వేస్తూ వస్తోంది. ఆ గ్రామాల పేరు చెప్పి నేను నిందించను. ఆచారాన్ని మాన్పించడానికి జరిమానా ఒక్కటే దారి కాదని, బొమ్మ నక్కతో కూడా పండుగ జరుగుతుందని ఊరి పెద్దలతో కూర్చుని ఒప్పించే పని కూడా జరగాలని మాత్రం అంటాను.

7. కుక్కల సంగతి

వేట ఆగితే మన కుక్క జాతులు అంతరిస్తాయన్న బెంగ కొందరిలో ఉంది. ఆ బెంగలో ప్రేమ ఉంది. విజయనగర కాలం నుంచి తమిళనాట స్థిరపడ్డ తెలుగు రాజుల ఊరు రాజపాళయం. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు ఉన్న రాజపాళయం కుక్క అక్కడిది. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన కుక్కలు, కొల్లేటి చుట్టుపక్కల బాతుల్ని కాసే జోనంగి కుక్కలు, ఇవన్నీ మన ఆస్తి.

వీటిని నిలబెట్టడానికి నక్క చావనవసరం లేదు. జోనంగి బాతుల్ని కాస్తుంది, పందికోన కుక్క ఇల్లు కాస్తుంది. ముధోల్ జాతిని సైన్యం శిక్షణకు తీసుకుంది. గొర్రెల మందకు మంచి కాపలా కుక్క ఉంటే నక్క దగ్గరికే రాదు. అప్పుడు రైతుకు నష్టం ఉండదు, నక్కకు చావూ ఉండదు. నక్కను తరిమించడమా, నక్క నుంచి మందను కాయించడమా అన్నది కుక్క ఎంచుకునేది కాదు. తేడా దాన్ని పెంచే మనిషిలోనే ఉంది.

చట్టంలో ఒక ఖాళీ కూడా చెప్పాలి. 50వ సెక్షను కింద అధికారి జప్తు చేయగలిగినవాటిలో ఉచ్చులు, పనిముట్లు, వాహనాలు, ఆయుధాలు ఉన్నాయి. కుక్క పేరు లేదు. వేటలో పట్టుబడ్డ కుక్కను ఏం చేయాలి? వదిలేస్తే మరుసటి వారం మళ్ళీ పొలంలో ఉంటుంది. పట్టుకుపోతే ఎవరు మేపాలి? క్రూరత్వ నివారణ చట్టం కింద 2017లో వచ్చిన నియమాలు కేసులో ఉన్న జంతువుల పోషణ గురించి చెబుతాయి. శిక్ష పడ్డవాడి నుంచి జంతువు యాజమాన్యం తొలగించే అధికారం ఆ చట్టం 29వ సెక్షను కోర్టుకిచ్చింది. కుక్క నేరస్థుడు కాదు. దాన్ని ఆ పనికి మలిచిన చేతిలోంచి తప్పించి, మరో పనికి మలచగల చేతిలో పెట్టాలి. వన్యప్రాణి చట్టంలోనే ఈ మాట స్పష్టంగా రాయాలి.

8. అడగవలసినవి

చివరగా నాలుగు అభ్యర్థనలు.

శాసనకర్తలకు: కుక్కలతో తరమడం నేరమన్న నిర్వచనాన్ని ఎవరి ఒత్తిడికీ సడలించకండి. రెండు కుక్కలైతే ఫరవాలేదు, అనుమతి ఉంటే ఫరవాలేదు అన్న మినహాయింపులు పడమటి దేశాలను ఎక్కడికి చేర్చాయో చూశాం. కనీస శిక్ష విషయంలో మాత్రం బతుకు కోసం వెళ్ళినవాడిని, వినోదానికో వ్యాపారానికో వెళ్ళినవాడిని వేరు చేసే వీలు జడ్జికి ఇవ్వండి. క్రూరత్వ నివారణ చట్టంలోని యాభై రూపాయల జరిమానాను ఈ కాలానికి తెండి.

అటవీ శాఖకు: వెంటపడవలసింది ఖరీదైన కుక్కల పందేలను, ఫోనుల్లో వేట వీడియోలు పెట్టి గొప్పలు చెప్పుకునేవాళ్ళను, నక్కకొమ్ము కొని నిల్వచేసే దళారులను. వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో దక్షిణ ప్రాంత కార్యాలయం మన నగరంలోనే ఉంది. పట్నంలోని కొనుగోలుదారుడి మీద ఒక్క కేసు నిలబడితే, పల్లెలో వంద మంది చేతికి గొలుసు విప్పే పని తగ్గుతుంది.

వాషర్‌మెన్‌పేట్ వ్యాపార మిత్రులకు: మీ గల్లాపెట్టెలో ఆ భరిణె ఉంటే ఈ వారమే దాన్ని అటవీ శాఖకు అప్పగించండి. ఇంట్లో పెద్దల నమ్మకం అడ్డొస్తే వాళ్ళకు చెప్పండి: నక్కకు కొమ్ము లేదు, ఆ ముక్కలో ఉన్నది ఒక ప్రాణం మాత్రమే.

ఈ హాలులో వెనక వరసల్లో కూర్చున్న యువ న్యాయవాదులకు: చట్టం చేతిలో ఉన్నవాడికి చట్టం ఉపయోగపడుతుంది, లేనివాడి మీద అది విరుచుకుపడుతుంది. వేట కేసులో పట్టుబడి, భాష తెలియక, బెయిలు దొరకక నెలల తరబడి జైల్లో ఉండే నక్కలవాళ్ళ, చెంచుల కేసులు మీరు తీసుకోండి. నిర్వచనం దగ్గర్నుంచి చదివి వాదించండి. నేరం జరిగిందని రుజువైతే తలవంచండి, జరగలేదంటే చివరిదాకా పట్టుబట్టండి. నక్కను కాపాడే చట్టం మనిషిని కూడా న్యాయంగా చూసినప్పుడే ప్రజలు దాన్ని తమదిగా కాపాడుకుంటారు. వకీలుగారి పేరున ఏటా ఉపన్యాసం పెట్టుకోవడం మంచిదే. ఆయన వరండా మళ్ళీ తెరుచుకుంటే ఇంకా మంచిది. నెలకో ఆదివారం ఉచిత న్యాయ సలహా కోసం ఈ హాలు తలుపులు తీయాలని నిర్వాహకులను కోరుతున్నాను. మొదటి ఆదివారం బల్ల దగ్గర నేనుంటాను.